బ్రాకెల్‌బరీ దొరగారూ, మా వార్డు కల్వర్టూ

అందరికీ నమస్కారమండి. భోజనాలు అయ్యాయనుకుంటాను. నిన్న గ్రూపులో ఒకాయన అడిగారు, "సూరిబాబు గారూ, మీ మున్సిపాలిటీకి అవార్డు వచ్చిందట కదా, దేనికి?" అని. రెండు ముక్కల్లో చెప్పేద్దామని మొదలెట్టాను. ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది గానీ విషయం అవలేదు. నాది బ్యాటరీల కొట్టే కాబట్టి ఛార్జింగుకి లోటు లేదు. తీరిగ్గా రాస్తున్నాను, మీరూ తీరిగ్గా చదవండి.

అవార్డు దేనికంటే, మా కౌన్సిల్ మీటింగుకి ఎవరూ రానందుకు.

మాది కోనాడవలస. పాతిక వార్డులు, పాతిక మంది కౌన్సిలర్లు. పన్నెండు మంది చైర్మన్ బెవర నారాయణప్పడు గారి వైపు. పన్నెండు మంది కోరాడ అప్పలస్వామి గారి వైపు. మిగిలిన ఒక్కరు మా ఆవిడ గంగరత్నం, ఇండిపెండెంటు. మా వార్డు లేడీసుకి రిజర్వు అయితే నిలబడింది, గెలిచింది. మీటింగులకి మాత్రం నేను వెళ్ళేవాణ్ణి. మా వైపు అదే పద్ధతి. ఆడ కౌన్సిలర్ల కుర్చీలన్నిటిలోనూ మగాళ్ళమే కూచుంటాం. మేం అరిచి ఇంటికొస్తాం, వాళ్ళు పొయ్యి దగ్గర సంతకం పెడతారు. ఎవరూ తప్పనుకోరు.

మా వార్డుకీ మెయిన్ రోడ్డుకీ మధ్య పెద్ద మురుగు కాలవ ఉంది. దాని మీద రెండు పాత కరెంటు స్తంభాలు అడ్డంగా పడుకోబెట్టారు. అదే మా వంతెన. రేషను డిపో అవతల, అంగన్‌వాడీ అవతల, ఆస్పత్రి అవతల. ఇవతల మేమూ, దోమలూ. పోయిన వానల్లో మా ఆవిడ పాలక్యానుతో సహా ఆ స్తంభాల మీంచి జారి పడింది. మణికట్టు విరిగింది. కట్టు విప్పిన రోజునే చెప్పేసింది.

"ఇక్కడ కల్వర్టు పడితేనే నా కాలు దీని మీద పడతాది. నేదంటే రైల్వే గేటు సుట్టూ తిరిగే ఎల్తాను."

అన్నట్టే తిరుగుతోంది. ఎండ లేదు, వాన లేదు. పైగా మా ఎదురింటి పైడితల్లి కడుపుతో ఉంది. శ్రావణంలో నీళ్ళాడుతుందని చెప్పారు. శ్రావణం అంటే కాలవ స్తంభాలెక్కి పారే నెల. ఆటో రాదు, అంబులెన్సు రాదు. "పిల్ల పుట్టేలోపు కల్వర్టు పుట్టాలి" అని మా ఆవిడ వార్డంతటికీ మాటిచ్చేసింది.

మాటైతే ఇచ్చింది గానీ, కల్వర్టు ఎప్పుడూ అజెండాలో ఆఖరి అంశం. మొదటి అంశం దగ్గరే నారాయణప్పడు గారి వాళ్ళు లేస్తారు. రెండో అంశానికి అప్పలస్వామి గారి వాళ్ళు మైకు పీకుతారు. మూడో అంశానికి కుర్చీలు లేస్తాయి. ఆఖరి అంశం దాకా చేరిన మీటింగు మా ఊరి చరిత్రలోనే లేదు.

అలాంటి రోజుల్లో మా కమిషనర్ వేదాద్రి గారు లండన్ వెళ్ళొచ్చారు. స్థానిక పాలన మీద ట్రైనింగట. మంచి మనిషండి, లంచం ఎరగరు. కాకపోతే ఏదైనా నమ్మితే మరి వదలరు. అంతకు ముందు ఏడాది చెత్తబుట్టలకి ధ్యానం మంచిదని ఎవరో చెబితే బుట్టల దగ్గర వేణుగానం పెట్టించారు. లండన్ నుంచి వస్తూ తలగడంత పుస్తకం ఒకటి తెచ్చారు. అట్ట మీద ఒక ముసలి దొర, బుగ్గ మీసాలు, కాళ్ళ దగ్గర కుక్క. మొహం చూస్తే అప్పుడే నిద్ర లేపినందుకు కోపంగా ఉన్నట్టు ఉంటాడు.

"వీరే లార్డ్ బ్రాకెల్‌బరీ," అన్నారు కమిషనర్ గారు మీటింగులో లేచి. "బ్రిటన్ దేశపు మహా రాజనీతిజ్ఞులు. వారి జీవిత ప్రస్థానం మన పురపాలనకు దిక్సూచి కావలెనని ఈ సభకు సవినయంగా మనవి."

అప్పుడే మైకు విరిగి కొత్తది రాలేదు. చేసేది లేక అందరూ విన్నారు.

ఆ దొర కథ నాకు అర్థమైనంత వరకు చెబుతాను. పుట్టడమే కోటలో పుట్టాడు. ఆ కోటలో ఎన్ని గదులున్నాయో వాళ్ళ నాన్నకే తెలీదట, ఒకసారి ఒక అత్తగారు తప్పిపోతే క్రిస్మసుకి దొరికిందట. చిన్నప్పుడు పెద్ద బడిలో వేశారు. అక్కడ తెల్లారకుండా చన్నీళ్ళు పోసి, బెత్తంతో కొట్టి, ఎవరూ మాట్లాడని భాష ఒకటి నేర్పారట. అది నేర్చుకున్నోడికి దేశాన్ని ఏలే అర్హత వచ్చేస్తుంది. ఇరవై రెండేళ్ళకే పార్లమెంటు మెంబరు. ఆ నియోజకవర్గంలో ఓటర్లందరూ వాళ్ళ నాన్న పొలంలో కౌలుదార్లు. ప్రచారానికి వెళ్ళాల్సిన పని లేదు, గుర్రం మీద ఆ దారిన వెళ్తే చాలు. తర్వాత తండ్రి పోతే పెద్దల సభకి వెళ్ళాడు. అక్కడికి ఓట్లు కూడా అక్కర్లేదు, తండ్రి పోతే చాలు.

"నౌకా మంత్రిగా పన్నెండేండ్లు సేవలందించినారు," అని చదివారు కమిషనర్ గారు.

"ఓడలు నడిపేవోడా?" అని అడిగారు అప్పలస్వామి గారు.

"వారికి నీళ్ళు పడవు. చెరువులో పడవ ఎక్కినా వాంతులయ్యేవి. అందువల్ల నౌకల విషయంలో ఏ పక్షపాతమూ లేకుండా వ్యవహరించినారు."

తర్వాత వలసల మంత్రి. ఏ దీవి ఎక్కడుందో తెలీక ఒక దీవికి ఇద్దరు గవర్నర్లని వేసి, పక్క దీవికి ఎవర్నీ వెయ్యలేదట. ఎవరూ లేని దీవి బాగుపడిందని పుస్తకంలోనే ఉంది. మన దేశానికి వైస్రాయిగా వెళ్ళమంటే ఆలోచించి చెబుతానని, కుక్కకి ఎండ పడదని మానేశాడు. ఆఖర్న ప్రధానమంత్రి కూడా అయ్యాడు, అదీ సభకి వేసవి సెలవులిచ్చినప్పుడు. సభ తెరిచే ముందు రోజు రాజీనామా చేసి నెమలి పిట్టో, అలాంటిదే ఏదో పిట్ట వేటకి వెళ్ళిపోయాడు. ఆయన పాలనలో ఒక్క తప్పు జరగలేదని దేశమంతా మెచ్చుకుందట.

ఇదంతా ఒక ఎత్తు. కమిషనర్ గారి గుండెకి తగిలిన సంగతి వేరు.

"వారి సభలో జంట పద్ధతి ఉండేది," అన్నారు. "ఈ పక్షం సభ్యుడు ఒకరు రాలేకపోతే, ఎదుటి పక్షం సభ్యుడు ఒకరు మర్యాదపూర్వకంగా తానూ రాడు. ఇటొక ఓటు తగ్గె, అటొక ఓటు తగ్గె. ఎవరికీ నష్టము లేదు. బ్రాకెల్‌బరీ వారు పక్క ఎస్టేటు దొరతో జంట కట్టి, ముప్పయ్యేళ్ళు ఇద్దరూ సభ మొహం చూడలేదు. ముప్పయ్యేళ్ళూ చేపలు పట్టుకున్నారు. సభలో వారి మీద ఒక్క ఆరోపణ లేదు."

నారాయణప్పడు గారూ, అప్పలస్వామి గారూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. గెలిచిన తర్వాత వాళ్ళు చూసుకోవడం అదే మొదలు.

"అయితే నేను రాకపోతే ఈడు కూడా రాడా?" అన్నారు చైర్మన్ గారు.

"రారాదు. అదే మర్యాద."

"నేను రాకపోయినా ఈడికి లాభం నేదన్నమాట."

"లేదు."

"సిటింగు ఫీజో?" అని అడిగారు అప్పలస్వామి గారు.

"పరస్పర సమ్మతితో కూడిన గైర్హాజరు హాజరుతో సమానంగా పరిగణించబడును."

కోనాడవలస కౌన్సిలు ఏకగ్రీవంగా ఒప్పుకున్న మొదటి తీర్మానం అదేనండి. దానికి పేరు "సమతుల్య పరస్పర గైర్హాజరు విధానం". జనం జోడీ స్కీము అన్నారు.

మొదటి జోడీ చైర్మన్ గారూ, అప్పలస్వామి గారే. మిగిలిన పదకొండు మందికీ పదకొండు మంది సాయంత్రానికి కుదిరిపోయారు. పెళ్ళిసంబంధాలు ఇంత తొందరగా కుదరవు.

అయితే ఇందులో మెలిక ఉంది. నువ్వు రాకుండా ఉన్నప్పుడు ఎదుటోడు దొంగతనంగా వెళ్ళి ఓటేసేస్తే? అందుకని ఎవరి జోడీని వాళ్ళు కళ్ళల్లో వత్తులేసుకుని కాపలా కాయడం మొదలెట్టారు. మీటింగు రోజు పొద్దున్నే చైర్మన్ గారు అప్పలస్వామి గారింటికి వెళ్ళి అరుగు మీద కూచునేవారు. ఆయన టిఫినుకి లేస్తే ఈయనా లేచేవారు. ఆయన బజారుకి వెళ్తే ఈయన బండి వెనకాల ఎక్కేవారు. ఒకళ్ళ జెండా రంగు ఒకళ్ళకి పడనోళ్ళు, ఒకే బండి మీద ఊరంతా తిరుగుతుంటే జనం రోడ్డు మీద ఆగి చూసేవారు.

చైర్మన్ గారికి పచ్చకామెర్లు వచ్చాయి. ఆయన మంచం మీద ఉంటే అప్పలస్వామి గారు బయట తిరగడం మర్యాద కాదని పక్క మంచం మీద పడుకోబెట్టారు. పథ్యం ఇద్దరికీ ఒకటే.

"ఒరే నారాయణా, నాకేటి రోగమని ఈ సప్పిడి కూడు?" అనేవారట అప్పలస్వామి గారు.

"నువ్వు కోడికూర తింటే నేను ఊరుకుంటానేట్రా. సమతుల్యం."

వారం పోయేసరికి "ఒరే" పోయి "బావా" వచ్చింది. ఆ తర్వాత జోడీలన్నీ కలిసి వ్యాను కట్టించుకుని అరకు వెళ్ళొచ్చాయి. అక్కడ బొంగులో చికెన్ తింటూ దిగిన ఫోటో చూసి రెండు పార్టీల కార్యకర్తలూ ఏడ్చారు. నాలుగేళ్ళు వాళ్ళ కోసం తలకాయలు పగలగొట్టుకున్నోళ్ళు కదా పాపం.

కమిషనర్ గారు అక్కడితో ఆగలేదు. ఇంత మంచి పద్ధతి కౌన్సిలర్లకేనా, ప్రజలకొద్దా అన్నారు. ముందు అర్జీల కౌంటరుకి పెట్టారు. అర్జీదారు రాకపోతే గుమస్తా కూడా రానక్కర్లేదు. అర్జీదారు వస్తే, రేపు రాకుండా ఉండడానికి గుమస్తాతో జోడీ కట్టుకోవచ్చు. తర్వాత వీధి దీపాలు. ఎడమ వైపు దీపం పోతే కుడి వైపుది కూడా ఆర్పేసేవారు.

మా కొట్టు ముందు దీపం అలాగే పోయింది. వెళ్ళి అడిగాను. "వెలిగేదాన్ని ఎందుకార్పారండి?"

"ఒక పక్కే వెలిగితే అసమానత కదా సూరిబాబు గారూ. ఇప్పుడు చూడండి, వీధి ఎంత న్యాయంగా ఉందో."

న్యాయంగానే ఉంది. కనబడలేదంతే.

మా ఊరి దోమల మందు మిషను పాడైతే కాలవ పూడిక తీసేవాళ్ళకి కూడా సెలవిచ్చారు, మిషను మనసు నొచ్చుకోకుండా. పక్క మున్సిపాలిటీల నుంచి జనం బస్సుల్లో వచ్చి మా ఖాళీ మీటింగు హాలు చూసి వెళ్ళేవారు. "ఒక్క కుర్చీ విరగలేదండి" అని కమిషనర్ గారు చేత్తో తడిమి చూపించేవారు.

ఇక్కడ నాకు ఆశ పుట్టింది. లెక్క చూడండి. పన్నెండూ పన్నెండూ పోతే మిగిలేది మా ఆవిడ ఒక్కతే. హాల్లో ఒకే ఓటు. ఆ ఓటు కల్వర్టుకి పడితే ఆపేవాడు లేడు. ఎగురుకుంటూ వెళ్ళి కమిషనర్ గారికి చెప్పాను.

ఆయన మొహం మాడిపోయింది. ఆ ఒక్కరు ఉన్నారని ఆయనకి అప్పటిదాకా తట్టలేదు.

"జంట లేని సభ్యురాలా?" అన్నారు. "ఒకే పక్షాన ఒక ఓటు, అవతల సున్నా. ఇంతకన్నా అసమతుల్యం ఉంటుందా? ఆమెకు తగిన జంట కుదిరేవరకు సమావేశ నిర్వహణ విధాన విరుద్ధము."

"ఆవిడకి జంట నేనున్నానండి, పెళ్ళయి ఇరవై తొమ్మిదేళ్ళు."

"మీరు సభ్యులు కారు."

"మరి ఇన్నాళ్ళూ మీటింగుకి వచ్చింది నేనే కదండి."

ఆయన కళ్ళు మెరిశాయి. "అంటే ఆమె ఏనాడూ సభకు రాలేదా? ఒక్క రోజు కూడా?"

"రాలేదండి."

"నాలుగేళ్ళుగా?"

"వంటుంటుంది కదండి."

ఆయన లేచి నిలబడ్డారు. పుస్తకం మీద చెయ్యి వేశారు. "సూరిబాబు గారూ, గైర్హాజరులో ఇంతటి నిష్ఠ నేను మరొక్కరిలోనే చూశాను."

అలా మా గంగరత్నానికి జంట కుదిరింది. లార్డ్ బ్రాకెల్‌బరీ గారు. కాలం చేసి వందేళ్ళు దాటింది కాబట్టి ఆయన మీటింగుకి వచ్చే ప్రమాదం లేదు. గౌరవ సభ్యుడిగా వేసి, ఇరవై ఆరో కుర్చీ వేశారు. మా ఆవిడ రాదు, ఆయన రారు. లెక్క సరి. పుస్తకం అట్ట మీద బొమ్మని ఫ్లెక్సీ కొట్టించి, పటం కట్టించి, కుర్చీలో కూచోబెట్టి దండ వేశారు. కుక్కకి కూడా బొట్టు పెట్టారు.

ఇంటికొచ్చి ఈ మాట ఎలా చెప్పాలో తెలీక ముందు మంచినీళ్ళడిగాను. తర్వాత చెప్పాను. మా ఆవిడ చేపలు కడుగుతోంది.

"సచ్చిపోయిన తెల్లోడితో నాకు జోడీ కట్టీసి వచ్చావా?"

"నేను కట్టలేదే. మున్సిపాలిటీ కట్టింది."

"మరి కల్వర్టో?"

"నీకూ ఆయనకీ చెల్లుకి చెల్లు. ఓట్లు సున్నా సున్నా."

మా ఆవిడ చేప తోక కోసి పక్కన పడేసింది. ఎదురింట్లోంచి పైడితల్లి బిందెతో వస్తూ కాలవ దగ్గర ఆగింది. ఒక చేత్తో కడుపు పట్టుకుని, స్తంభాల వైపు చూసి, వెనక్కి తిరిగి రైల్వే గేటు దారి పట్టింది. మా ఆవిడ అదే చూస్తోంది.

"అవార్డోళ్ళు ఎప్పుడొస్తారన్నావు?" అంది.

"శుక్రవారం."

"ఈసారి నువ్వు ఇంటికాడుండు. కూర నువ్వొండు."

అవార్డు సంగతి చెప్పలేదు కదూ. రాష్ట్రంలోకెల్లా గొడవల్లేని కౌన్సిలు ఏదని వెతుకుతూ రాజధాని నుంచి ముగ్గురు అధికారుల కమిటీ వస్తోంది. వాళ్ళ ముందు ఖాళీ మీటింగు జరిపి చూపించాలి. ఖాళీ మీటింగుకి కూడా రిహార్సలు వేశారండి మా వాళ్ళు. ఫ్యాన్లు ఏ స్పీడులో తిరగాలో, ఎవరూ లేనప్పుడు బెల్లు ఎన్నిసార్లు కొట్టాలో అన్నీ చూసుకున్నారు.

నేను ఇంటి దగ్గర ఉండలేదు. కూర స్టవ్ మీద పడేసి, మంట తగ్గించి, హాలు కిటికీ దగ్గర నిలబడ్డాను.

కమిటీ పెద్దాయన పటం చూసి అడిగారు, "వీరెవరు?"

"మా గౌరవ సభ్యులు. వీరి ఆత్మ ఈ సభను నడిపించుచున్నది. పటమని భావించరాదు, వారు సాక్షాత్తూ ఈ సభలో ఆసీనులై ఉన్నట్టే మేము పరిగణిస్తాము."

పెద్దాయన పటానికి నమస్కారం పెట్టారు. మిగిలిన ఇద్దరూ పెట్టారు. బెల్లు కొట్టారు. ఖాళీ కుర్చీల వైపు చూసి కమిషనర్ గారు అజెండా చదవబోతుంటే మా ఆవిడ లోపలికొచ్చింది. నేత చీర, కొప్పులో కనకాంబరాలు. ఆ హాల్లోకి రావడం అదే మొదలు. ఏ కుర్చీ మాదో తెలీక అన్నీ చూసుకుంటూ వెళ్ళి దొరగారి పక్కన కూచుంది.

"అమ్మా, మీరు రారాదు," అన్నారు కమిషనర్ గారు మెల్లగా. "మీ జంట రానప్పుడు మీరు రావడం మర్యాద కాదు."

"వచ్చారు కదండి. ఇప్పుడే కదా సెప్పారు, సాక్షాత్తూ కూకున్నారని. ఆయనొచ్చాక నేను రాపోతే మర్యాదేనా?"

కమిషనర్ గారు పటం వైపు చూశారు. కమిటీ వైపు చూశారు. రాలేదంటే అప్పుడే నమస్కారం పెట్టిన ముగ్గురూ ఫ్లెక్సీకి పెట్టినట్టు అవుతుంది.

"వచ్చినారు," అన్నారు చివరికి.

"అయితే సదవండి. ఆఖరి అంశం ముందు సదవండి. మొదటివన్నీ తర్వాత సూసుకుందాం."

"ఇరవై అయిదో వార్డు మురుగు కాలువపై కల్వర్టు నిర్మాణము," అని చదివారు. "ప్రతిపాదించువారు?"

"నేను."

"బలపరచువారు?"

మా ఆవిడ పక్కకి తిరిగింది. "ఏం బాబూ, మీకేటైనా అభ్యంతరమా?"

ఫ్యాన్లు తిరుగుతున్నాయి. దొరగారు మాట్లాడలేదు.

"మౌనం అర్ధాంగీకారం," అంది మా ఆవిడ.

"అమ్మా, అర్ధాంగీకారమంటే సగమే."

"సగమే ఎయ్యండి. నాది ఒకటి, బాబుగారిది సగం. ఒకటిన్నర. ఎదర ఎంత?"

కమిషనర్ గారు ఖాళీ కుర్చీలన్నీ చూశారు. పోనీ ఎవరైనా లేస్తారేమోనన్నట్టు కాసేపు ఆగారు కూడా. "సున్నా."

కమిటీ పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ముప్పయ్యేళ్ళ సర్వీసులో అరుపు లేకుండా తీర్మానం పాసవడం ఇదే చూడటం," అన్నారు. అవార్డు అక్కడికక్కడే ఖాయమైపోయింది. మా ఆవిడ మాత్రం అవార్డు సంగతి పట్టించుకోలేదు. కిటికీలోంచి నన్ను చూసింది.

"కూర మాడిపోయుంటాది, ఎల్లు," అంది.

మాడిపోయింది కూడా.

ఒకటిన్నర ఓట్ల మాట తెలిసి మళ్ళీ అరకు వెళ్ళిన జోడీలన్నీ పరిగెత్తుకొచ్చాయి గానీ, అవార్డు వచ్చిన తీర్మానాన్ని కొట్టేస్తే అవార్డు పోతుంది. ఏడుస్తూనే ఒప్పుకున్నారు. ఆషాఢం దాటేలోపు కల్వర్టు కట్టేశారు. సిమెంటు పైపులు, పైన స్లాబు, అటూ ఇటూ నడుమెత్తు గోడలు. మేమంతా వెళ్ళి చేత్తో తట్టి చూసుకున్నాం.

అయితే రెండు వైపులా తుమ్మకొమ్మలు అడ్డం పెట్టేశారు. ప్రారంభోత్సవం కాకుండా ఎవరూ నడవకూడదట.

ప్రారంభోత్సవానికి చైర్మన్ గారు రావాలి. చైర్మన్ గారొస్తే అప్పలస్వామి గారు ఇంటి దగ్గర ఉంటే ఊరుకోరు. ఆయనొస్తే ఆయన వాళ్ళంతా వస్తారు, వాళ్ళొస్తే ఈయన వాళ్ళంతా రావాలి. అందరూ వస్తే గైర్హాజరు విధానం ఏం కాను? అవార్డిచ్చినవాళ్ళు ఏమనుకుంటారు? అందుకని ఎవరూ రాకుండా ప్రారంభోత్సవం ఎలా చెయ్యాలో అధ్యయనం చెయ్యడానికి కమిషనర్ గారు ఫైలు పైకి పంపారు. ఫైలు పైన ఉంది. వాన మీద పడింది. కాలవ నిండింది. పాత స్తంభాలు మునిగాయి. కొత్త కల్వర్టు తుమ్మకొమ్మల మధ్య పెళ్ళికూతురులా పొడిగా కూచుంది.

శ్రావణంలో రెండో మంగళవారం, మధ్యాహ్నం భోజనాల వేళ, పైడితల్లికి నొప్పులొచ్చాయి. వాళ్ళత్త అరుపు విని వెళ్ళాం. ఆటో అవతల ఒడ్డున ఆగి ఉంది. డ్రైవరు కొమ్మల దగ్గర నిలబడి అరుస్తున్నాడు, "కొబ్బరికాయ కొట్టలేదు కదండి, ఎక్కించొచ్చా?"

కాపలాకి పెట్టిన మున్సిపాలిటీ మనిషి గొడుగు కింద నిలబడి, "ఆర్డరు రాలేదండి, నా ఉద్యోగం పోతాది," అన్నాడు.

"అటు తిరిగి నిలబడు," అంది మా ఆవిడ. "నువ్వు సూడలేదు."

వాడు బుద్ధిగా అటు తిరిగాడు. మా ఆవిడ చీర కుచ్చిళ్ళు దోపుకుని తుమ్మకొమ్మలు ఒక్కొక్కటీ లాగి కాలవలో పడేసింది. చేతికి ముళ్ళు దిగి రక్తం వచ్చింది. నేనూ ఒక కొమ్మ లాగాను, చిన్నది. అవతల ఒడ్డువి డ్రైవరు లాగేశాడు. ఆటో వచ్చింది. పైడితల్లినీ వాళ్ళత్తనీ ఎక్కించాం. వెనక్కి తిరిగి, ఆ సిమెంటు మీంచి గుడుగుడుమంటూ వెళ్ళిపోయింది. ఒక్క రిబ్బను కత్తిరించలేదు, ఒక్కడు ఉపన్యాసం చెప్పలేదు. కల్వర్టు మాత్రం కూలిపోలేదండి, నేను చూస్తూనే ఉన్నాను.

ఆడపిల్ల. తల్లీ పిల్లా బాగున్నారు.

ఆటో వెళ్ళాక మా ఆవిడ ఇవతలే నిలబడిపోయింది. కాసేపు ఆ స్లాబు వైపు చూసింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. విరిగిన మణికట్టు చెయ్యి గోడ మీద ఆనించి, ఒక్కో అడుగూ వేసుకుంటూ నడిచింది. మధ్యలో ఆగి కిందకి నీళ్ళవైపు చూసింది. మళ్ళీ నడిచింది. అవతల మెయిన్ రోడ్డు మీద నిలబడి చెప్పులేసుకుని వెనక్కి తిరిగింది.

నేను ఇంకా ఇటే ఉన్నాను. లాగిన ఆ చిన్న కొమ్మ ఇంకా చేతిలోనే ఉంది. వాన కూడా చినుకులు వేస్తోంది.

"అక్కడే నిలబడిపోతావేటి?" అని అరిచింది. "బేగి రా. నువ్వు రాపోతే నన్ను కూడా వెనక్కి వచ్చీమని రూలు రాసీగల్రు."

వెళ్ళానండి. పరిగెత్తుకుని వెళ్ళాను.